తీర్పుకు ముందు చాయ్

“తప్పెవరిదో నువ్వే తేల్చు గజేందర్. నేను చెబితే మీవాళ్ళు నమ్మరు,” అంటూ కంపెనీ ఆఫీసరు నిత్యానందం చాయ్ కప్పు ముందుకు జరిపాడు.

ఎడారి దేశంలోని మెసయీద్ లేబర్ క్యాంపులో గజేందర్ మొదట తోటి కూలీల తరఫున వాదించే వకీలు. ఆ నోటి పుణ్యమా అని కూలీల కమిటీ మెంబరుగా గెలిచాడు. ఇవాళ కంపెనీ అతణ్ణి ఏకంగా జడ్జినే చేసింది.

ఎండదెబ్బకు ఒకడు పడిపోతే, అదే గ్యాంగులోని మల్లన్న స్టేడియం పని ఆపించి అందరినీ నీడకు తీసుకుపోయాడు. నేరం అదే.

“మల్లన్న తప్పు లేదంటే ఏమైతది సార్?”

“గ్యాంగు మొత్తం ఇంటికెళ్తుంది. ఉందంటే అతనొక్కడే. తాగవయ్యా, చల్లారిపోతోంది.”

గజేందర్ తలవంచుకుని తాగాడు. ఖాళీ కప్పు బల్ల మీద పెట్టి, “తప్పు మల్లన్నదే,” అన్నాడు.

అద్దం తలుపు తోసుకుని బయటికొస్తే, గోడ పక్కన మల్లన్న వట్టి తలతో నిలబడి ఉన్నాడు. హెల్మెటూ గేటు పాసూ మెట్టు మీద పెట్టి ఉన్నాయి.

“నేను జెప్పకముందే అన్నీ తీసి పెట్టినవేందే మల్లన్నా?”

“మీ బాపు ఊర్ల పంచాయితీ జెప్తే, అది తెగేదాక ఎవ్వలింట్ల మంచినీళ్ళు గూడ ముట్టకపోతుండె తమ్మీ. నువ్వు చాయ్ తాగుడు అద్దంలకెల్లి జూసిన.”



లోపలినుంచి నిత్యానందం కేకేశాడు. “గజేందర్, రేపింకో పంచాయితీ ఉంది. చాయ్ టైముకి వచ్చెయ్.”