ఆవగింజంత తంబురా

మైథిలి ఆసుపత్రి నుంచి వచ్చేసరికి ఆమె తంబురా ఆవగింజంత అయిపోయింది. ఇళ్లు ఇరుకై, అందరూ సామానులోని అణువుల ఖాళీని తీయించుకుంటున్న రోజులవి. తీసిన ఖాళీని మళ్లీ నింపడం ఎవరికీ చేతకాదు. తమ్ముడు భార్గవరావు ఆమెను అడక్కుండానే తీయించేశాడు.

"అణువు ముందు సౌరకుటుంబమే కిక్కిరిసినట్టుంటుందక్కా! తీసింది ఒట్టి ఖాళీయే. బరువు రవ్వంత కూడా తగ్గలేదు, కావాలంటే చూడు."

మైథిలి గింజను ఎత్తబోయింది. నీరసించిన వేళ్లకు అది కదల్లేదు.

"తంబురా పలికేది ఖాళీలోనే కదరా తమ్ముడూ," అంటూ నేలమీదే కూలబడింది.

ఆమెను కూర్చోబెట్టడానికి భార్గవరావు కుర్చీ కోసం చుట్టూ చూశాడు. ఇంట్లో కుదించకుండా మిగిలింది ఒక్కటే, తంబురా ఉండే మూలలో వేసుకున్న తన పడక కుర్చీ. ఇంతసేపూ అందులో వాలే మాట్లాడానని తెలిసి, అతనికి లేవడానికి కూడా సిగ్గేసింది.