ఏర్కాడు పోయే బస్సు

"తియ్యి ఆ చెయ్యి!"

ధనపాల్ అరుపుకి రంగరాజన్ ఉలిక్కిపడి వెనక్కి జరిగాడు. నెల్లితోపు బస్సుల షెడ్డులో మెకానిక్కుగా అతనికిది మొదటి రోజు. గొలుసుకు వేలాడుతున్న ఇంజను పైమూతను, ఆ బరువైన హెడ్డును, ముసలాయన ఒంటిచేత్తో సర్దుతుంటే సాయం పట్టబోయాడు. అంతే.

"పెద్దాయనా, మీ చెయ్యి వణకతా ఉండాది. హెడ్డు ఊగి మీద పడిందంటే కాలు పోతాది. మీరట్లా కూర్చోండి, నేను ఎక్కిస్తా."

"కూర్చునేదానికైతే గవర్నమెంటు ఆఫీసుకు పోనా? ఇక్కడికెందుకొస్తా?"

షెడ్డు యజమాని శరవణన్ మధ్యలోకి వచ్చాడు. ఒకప్పుడు ధనపాల్ దగ్గరే పని నేర్చుకున్నవాడు. ఇప్పుడు తలలో తెల్ల వెంట్రుకలు వచ్చినా ఆయన ముందు చేతులు కట్టుకునే నిలబడతాడు.

"నువ్వు తప్పుకో రంగరాజా. అది మేస్త్రి చెయ్యి పడాల్సిన ఇంజను" అన్నాడు.

ధనపాల్ మీసం మీది చెమట తుడుచుకున్నాడు. సునామీ వచ్చిపోయినప్పటి నుంచి చూస్తున్నాడు, అందరిదీ ఒకటే పాట. కొడుకు కూర్చోమంటాడు. డాక్టరు కూర్చోమంటాడు. ఇంట్లో టీవీ పెట్టి ఎదురుగా కుర్చీ వేస్తారు. టీవీకి నట్లుండాయా, బిగించుకునేదానికి?

రేపు తెల్లారేసరికి బస్సు ఏర్కాడు కొండెక్కాలి. బస్సు నిండా బడి పిల్లకాయలు. పాత హెడ్డు పగిలింది, దాని బదులు వేరేది ఎక్కించాలి. అదీ మామూలు ఇంజనా? టర్బో ఇంజను. కొండ మీద టర్బో గాలి తోసేకొద్దీ లోపలి ఒత్తిడి హెడ్డునే లేపెయ్యాలని చూస్తుంది. దాన్ని పట్టి ఉంచేది ఇంజను మీద నిలిచిన స్టడ్డు బోల్టులూ, వాటి నట్లే. ఒక్కటి వదులైనా చాలు, హెడ్డు కింది గాస్కెట్ రేకు పేలి బండి మలుపులో ఆగిపోతుంది. వెనక లోయ. ఈ పని ఇంకొకడి చేతికి ఎట్లా వదులుతాడు?

"బస్సు యాడ..." అని అడగబోయాడు.

"పెయింటుకు పోయుండాది మేస్త్రీ. సాయంత్రానికొస్తాది" అన్నాడు శరవణన్.

"గాస్కెట్ తే."

తెచ్చాడు. ధనపాల్ దాన్ని వెలుగులోకి ఎత్తి చూశాడు.

"ఏందిరా ఇది? నలిగిపోయుండాది! నాకే పాతది ఇస్తావా? పిల్లకాయల ప్రాణాలురా!"

శరవణన్ దాన్ని లోపలికి తీసుకుపోయాడు. చిటికెలో ఇంకొకటి తెచ్చి ఇచ్చాడు. నూనె మరక లేకుండా తుడిచి ఉంది.

"ఇదీ గాస్కెట్ అంటే. ముందే ఇచ్చేదానికి ఏం రోగం?"

హెడ్డు స్టడ్డుల మీదికి మెల్లగా దిగి కూర్చుంది. ధనపాల్ నట్లన్నీ వేళ్ళతో తిప్పి, టార్క్ రెంచి అందుకున్నాడు. నట్టు చాలినంత బిగుసుకోగానే టక్కుమనే రెంచి అది. చిత్రం, అది చేతికి రాగానే ఆ వణుకు యాడికో పోయింది.

"ఈ కొసన మొదలుపెట్టి ఆ కొసకు పోకూడదబ్బాయ్" అన్నాడు రంగరాజన్‌తో. "నడిమిది ముందు. తర్వాత అటొకటి, ఇటొకటి. కులపంచాయతీ మాదిరి. నడిమధ్య కూర్చున్నోణ్ణి అణిచినామంటే..."

మాట పూర్తికాకముందే శరవణన్ నవ్వాడు.

"...కొసనుండేటోళ్ళు వాళ్ళే అణుగుతారు."

మొదట కొంచెం. తర్వాత ఇంకొంచెం. మూడోసారి పూర్తి బిగువు. ఒక్కో నట్టుకీ ఒక్కో టక్కు. ప్రతి టక్కుకూ ధనపాల్ గడ్డం కాస్త పైకి లేచింది. చొక్కా వీపుకు అంటుకుపోయింది.

"ఆ మూలది గట్టిగా ఉండాది. అదొక్కటి నేను పడతా" అన్నాడు రంగరాజన్ ఉండబట్టలేక.

"నా పాడె పట్టుదువులే, అప్పుడు పిలుస్తా."

మధ్యాహ్నానికి ఆయన భార్య లీలమ్మ గేటు దగ్గరికి వచ్చింది.

"ఆ ఇనుముకే తాళి కట్టుండొచ్చు గదయ్యా! అన్నం చల్లారిపోతాంది, రా."

"నువ్వు కూడానా? ఇంకొక్క నట్టు. అది బిగించకుండా యముడొచ్చి పిలిచినా రాను."

ఆమె పాత టైరు మీద కూర్చుని కొంగుతో విసురుకుంటూ చూసింది.

ధనపాల్ రెండు కాళ్ళూ నేలకు తన్నిపట్టి రెంచి లాగాడు. మెడ నరాలు పొంగాయి. రెంచి కదల్లేదు. రంగరాజన్ ముందుకు ఒక అడుగు వేస్తే, శరవణన్ భుజం పట్టి ఆపాడు.

టక్.

ఆయన హెడ్డు మీద అరచెయ్యి పెట్టి కాసేపు నిలబడ్డాడు.

"ఇప్పుడెక్కమను, ఏ కొండైనా" అన్నాడు. తర్వాత రంగరాజన్ వైపు తిరిగి, "కూర్చోమన్నావే, చూసినావా? ఇంకెవడన్నా ఆ మాటంటే ఇదే రెంచితో వాడి నోరు బిగిస్తా" అని తువ్వాలు విదిలించి భుజాన వేసుకున్నాడు. వీధిలోకి నిటారుగా నడిచిపోయాడు. లీలమ్మ వెనకే వెళ్ళింది.

వాళ్ళిద్దరూ సందు మలుపు తిరిగేదాకా ఆగి, శరవణన్ పెద్ద స్పానర్ తీసి రంగరాజన్ చేతిలో పెట్టి చెప్పాడు: "నట్లన్నీ వదులుచేసి హెడ్డు పైకెత్తి పెట్టు, రేపు పొద్దున మేస్త్రి వచ్చి మళ్ళా ఎక్కించాల, రోజూ మాదిరే."