తొమ్మిదో ప్రశ్న

ఈల మూడుసార్లు మోగింది. మూడోది ఎంత పొడుగ్గా సాగిందంటే, వరండాలో వంతు కోసం కూర్చున్న పడవవాళ్లంతా కబుర్లు ఆపి చెవులు మూసుకున్నారు.

“చాలు, చాలు! లైఫ్ జాకెట్‌కి ఈల ఎందుకుంటుందో చెప్పమన్నాను గానీ, ఊదమనలేదు,” అంది పరీక్షాధికారిణి.

“చెబితే గాలికి పోతుందమ్మా. ఊదితే వినబడుతుంది,” అన్నాడు సరంగు.

యాభై ఎనిమిదేళ్ల మనిషి. ఉప్పుగాలికి పండిన ముఖం, తాళ్లు లాగి లాగి మొద్దుబారిన వేళ్లు. చిన్న పడవ నడపాలన్నా ఈ గదిలో కూర్చుని పది ప్రశ్నలకు జవాబు చెప్పి కార్డు తీసుకోవాలి; దాని గడువు తీరితే మళ్లీ ఇదే పరీక్ష. ప్రాణాలకు సంబంధించిన ప్రశ్న ఒక్కటి తప్పినా కార్డు రాదు. కార్డు లేని సరంగు పడవ ఒడ్డు దాటదు. ఇప్పటికి రెండుసార్లు తప్పాడు. ఈ మూడోదే ఆఖరిది.

“బయలుదేరే ముందు?”

“ఆకాశం చూడాలి, డీజిలు చూడాలి, తలలు లెక్కపెట్టాలి. ఎటు పోతున్నామో, ఎప్పటికి వస్తామో ఒడ్డున ఒకరికి చెప్పాలి.”

“పడవ బోల్తా పడితే?”

“పడవను పట్టుకునే ఉండాలి. ఒడ్డు దగ్గరే ఉన్నట్టుంటుంది. అలా కనబడటమే దాని పని.”

“తాడు వదిలేటప్పుడు?”

“చుట్టల మధ్య కాలు పెట్టకూడదు. ముప్పై ఏళ్లుగా మా బావమరిదికి ఇదే చెబుతున్నాను.”

“వింటూనే ఉన్నా బావా!” తలుపు అవతల నుంచి ఇంజను డ్రైవరు గొంతు వినిపించింది. వరండా గొల్లుమంది.

ఎనిమిది జవాబులూ తడుముకోకుండా వచ్చాయి. తొమ్మిదో ప్రశ్న దగ్గర ఆమె ఒక్క క్షణం ఆగింది.

“పడవలో ఇద్దరే ఉన్నారు. రెండోవాడు నీళ్లలో పడిపోయాడు. మీరేం చేస్తారు?”

“దూకుతాను.”

ఆమె కలం కింద పెట్టింది. “సరంగు గారూ, మీరు దూకితే పడవ గాలికి కొట్టుకుపోతుంది. పోయేది ఒకరు కాదు, ఇద్దరు.”

“తెలుసమ్మా.”

“తెలిసి కూడా?”

“దూకుతాను.”

ఆమె ఫైలు విప్పి, అంచులు పసుపెక్కిన కాగితం ఒకటి అతని ముందు పెట్టింది. “తొమ్మిదేళ్ల కిందటిది. ఈ రాత మీదేనా?”

“నాదే.”

“చదవండి.”

అతను వేలు ఆనించి, చిన్నపిల్లవాడిలా ఒక్కొక్క మాటే చదివాడు. “దూకను. రింగు విసురుతాను. మనిషి మీది నుంచి చూపు తీయను. పడవ తిప్పి, గాలికి ఎదురుగా, మెల్లగా దగ్గరికి పోతాను. ఇంజను ఆపి, పైకి లాగుతాను.”

“వందకు వంద వేశాను. అది నా మొదటి క్లాసు. తరువాత వచ్చిన ప్రతి బ్యాచికీ మీ జవాబే చదివి వినిపించాను.”

“పాఠం బాగా చెప్పారమ్మా,” అన్నాడతను. ఆ మాటలో ఎగతాళి లేదు. మరేముందో ఆమెకు అందలేదు.

ఆమె లేచి వరండాలోకి వచ్చింది. ఇంజను డ్రైవరు గభాలున నిలబడ్డాడు.

“మళ్లీ అక్కడేనా మేడం? ఈ మనిషికి ఎలా చెప్పాలో తెలియట్లేదు. కార్డు రాకపోతే పడవ అమ్ముకోవడమే.” గొంతు తగ్గించాడు. “ఒక్కడే కొడుకు మేడం. నాలుగేళ్లయింది. ఏరు సముద్రంలో కలిసే చోట పడిపోయాడు. పడవలో వాళ్లిద్దరే. బావ వెనకాలే దూకేశాడు.”

“ఆయనే చెప్పారా?”

“ఆయన నోరు విప్పితేగా! నిలువునా తడిసిపోయి, ఒడ్డు అలల్లోంచి పిల్లాణ్ణి రెండు చేతుల మీదా మోసుకొచ్చాడు. ఇంక చెప్పేదేముంది? ఆ రోజు నుంచి ఇంట్లో వాడి పేరు ఎవరం ఎత్తం. మా అక్క ఒకటే అంటుంది: ‘ఆయన ప్రాణానికి తెగించి దూకాడురా, అంతకన్నా ఏ తండ్రి మాత్రం ఏం చేస్తాడు?’ ఆ ఒక్క మాట పట్టుకునే బతుకుతోంది.”

ఆమె తిరిగి వచ్చి కూర్చుంది. ఈసారి కలం ముట్టలేదు.

“మీ అబ్బాయి సంగతి ఇప్పుడే తెలిసింది. ఆ రోజు మీరు నియమం తప్పారని ఎవరూ తప్పు పట్టరు. నేనున్నా అదే చేసేదాన్ని. కానీ ఇది పరీక్ష. ‘దూకను’ అని ఒక్క మాట అనండి, చాలు. మనసులో మీరేమనుకుంటారో నాకు అక్కర్లేదు. టిక్కు పెట్టేస్తాను.”

అతను కాగితం మీది నుంచి తల ఎత్తలేదు.

“పడవ తిప్పి రావడానికి ఎంత సేపు పడుతుందని చెప్పారమ్మా, క్లాసులో?”

“రెండు నిమిషాలు.”

“ఆటుపోటు లాగుతుంటే నాలుగున్నర.” మొద్దుబారిన వేళ్లు కాగితం అంచును సరిచేశాయి. “చూపు మాత్రం తీయకూడదు. అంతేనా?”

“అంతే. అన్నీ మీకు తెలుసు. అందుకే బతిమాలుతున్నాను. ఒక్క మాట.”

వరండాలో ఎవరో ఏదో జోకు వేశారు; అందరికన్నా గట్టిగా ఇంజను డ్రైవరే నవ్వాడు. సరంగు లేచి వెళ్లి తలుపు దగ్గరగా వేసి వచ్చాడు. కూర్చోలేదు. కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి ఆమె చేతిలో ఉంచాడు.

“మా చిట్టిగాడు పడ్డప్పుడు, నేను దూకలేదమ్మా.”