రాయికి ఇవతల

"రాయికి అవతలా, ఇవతలా? అదొక్కటి సెప్పండి," అన్నాడు ఫారెస్టు గార్డు గిరిబాబు.

జీడితోటలో చినబాబు శవం దుప్పటి కింద ఉంది. పొద్దున్న ఎలుగుబంటి మీద పడింది. పక్కనే భార్య యమున కూర్చుని, కొంగు చివరతో ఈగల్ని తోలుతోంది. ఆమె ఏడవడం లేదు. ఏడిపించడానికి ఊరి ఆడవాళ్ళు చెయ్యాల్సిందంతా చేసి, అలిసిపోయి దూరంగా కూర్చున్నారు.

తోట చివర హద్దు రాయి ఉంది. దానికి అవతల అడవి. పాసు లేకుండా అడవిలో దూరినవాడు చస్తే నష్టపరిహారం రాదు సరికదా, వెంట వెళ్ళినవాళ్ళ మీద కేసు కూడా పెడతారు. ఇవతల చస్తే సొంత తోటలో చచ్చినట్టు. చినబాబు పాసు గడువు ఉగాదికే తీరిపోయింది. కొత్తదాని కోసం ఆఫీసు చుట్టూ తిరిగి తిరిగి, ఇక విస్తళ్ళు కుట్టే అడ్డాకులు ముదిరిపోతాయని పెళ్ళాన్నీ అన్ననీ వెంటబెట్టుకుని చీకటితోనే అడవికి పోయాడు. ఎలుగుబంటి ఏ ఆఫీసు చుట్టూ తిరక్కుండానే వచ్చింది.

"ఇవతలేనండి," అన్నాడు అన్న అప్పలసూరి. "జీడిపిక్కలు ఏరతంటే ఒచ్చి మీద పడిపోనాదండి."

గిరిబాబు నేలకేసి చూశాడు. రాయి దగ్గర్నుంచి దుప్పటి దాకా ఎండుటాకుల మీద రక్తం. అబద్ధమని గుడ్డివాడికైనా తెలుస్తుంది. అప్పలసూరి ఆ రక్తం మీదకి వచ్చి నిలబడ్డాడు. అతని రెండు కాళ్ళు ఎంత మేర కప్పుతాయి?

గిరిబాబుకి ఒక్క సంగతే అంతుపట్టలేదు. తారురోడ్డు అడవికి అటువైపు ఉంది. యమున ఫోను చేస్తే అంబులెన్సు ఆ రోడ్డు మీదకే వచ్చింది. హారన్ కొట్టి కొట్టి, ఎవరూ రాకపోయేసరికి తిరిగి వెళ్ళిపోయానని డ్రైవరు చెప్పాడు. బండిని పిలిచినవాళ్ళు బండి దగ్గరికి పోకుండా ఇటెందుకు వచ్చినట్టు? ఈలోగానే ప్రాణం పోయుంటుంది, పోయినవాడికి ఆస్పత్రెందుకని శవాన్ని రాయి దాటించి ఉంటారు అని సరిపెట్టుకున్నాడు.

అతనికి జాలేసింది. గోరుచుట్టు మీద రోకటిపోటు వెయ్యడానికి చేతులు రాలేదు. సొంత తోటలోనే జరిగిందని రాసేశాడు. అప్పలసూరి దండం పెట్టి, పాడె కట్టడానికి వెదుళ్ళు తెస్తానని ఊళ్ళోకి వెళ్ళాడు.

గిరిబాబు యమున పక్కన గొంతుక్కూర్చున్నాడు. రేపు పెద్దాఫీసర్లు వచ్చి విడివిడిగా అడుగుతారనీ, అందరూ ఒకే మాట మీద ఉండాలనీ చెప్పాడు.

"శవాన్ని మోసుకొచ్చినారన్న మాట మాత్రం ఎవలితోనూ అనకమ్మా," అన్నాడు.

యమున ఈగల్ని తోలుతూనే ఉంది.

"మోసినప్పుడు శవం కాదు బాబూ, మాటాడతన్నాడు," అంది. "హారన్ ఇనబడతంది. మేం రోడ్డుకేసే మోస్తన్నాం. అటొద్దే, ముందు నన్ను రాయి దాటించండని మా మావే అన్నాడు."