ముప్పై రెండు పండ్ల మనిషి

రేవప్ప కుర్చీలో వెనక్కి వాలి నోరు ఇంత పెద్దగా తెరిచాడు.

పండ్ల డాక్టరు సంగమేశ్వర్ చిన్న అద్దం లోపల పెట్టి లెక్కబెడుతున్నాడు.

"ముప్పై... ముప్పై ఒకటి... ముప్పై రెండు! అరవై ఏండ్లకు ఒక్కటి గూడ పోలే!"

రేవప్పకు పంటినొప్పి లేదు. డాక్టరు తన సంపాదన ఎందులో పెట్టాలో సలహా చెప్పే మనిషిని ఎంచుకుంటున్నాడు.

అంతకుముందు ఇద్దరిని అదే కుర్చీలో కూర్చోబెట్టి చూశాడు. ఇన్సూరెన్సు ఏజెంటు చిగుళ్ళు జర్దాతో నల్లబడ్డాయి. ఎరువుల షాపు సేటుకు దవడ పండ్లు నాలుగు లేవు.

"సొంత పండ్లు కాపాడుకోనోడు నా పైసలేం కాపాడుతడు?"

తహశీలు ఆఫీసులో గుమాస్తాగా చేసి రిటైరైన రేవప్ప పాసయ్యాడు.

డాక్టరు భార్య నీలాంబిక దూది పట్టుకొని పక్కనే నిలబడి ఉంది. ఆమెకూ ముప్పై రెండు ఉన్నాయి. ఎవరూ లెక్కబెట్టలేదు.

నాగల్‌గిద్దలో ఆమె తండ్రి కందుల వ్యాపారి. పిడికెడు కందులు ముక్కు దగ్గర పెట్టుకొని, ఎన్నాళ్ళు నిలుస్తాయో చెప్పేవాడు. ఆ ముక్కు బిడ్డకూ వచ్చింది.

నారాయణఖేడ్‌కు కాపురానికొచ్చిన కాడినుంచి చెబుతూనే ఉంది.

"పుష్యంల కందులు కొని శ్రావణంల అమ్ముదాం. బస్టాండు ఎనక జాగ కొందాం."

"నువ్వు పప్పు వండు చాలు. కందుల సంగతి నాకిడువు," అనేవాడు డాక్టరు.

రేవప్ప సలహా చెప్పడానికి మొదటిసారి వచ్చినప్పుడు డాక్టరు ఎవరికో పన్ను పీకుతున్నాడు. చాయ్ అందిస్తూ నీలాంబిక మెల్లగా అంది.

"కాకా, బస్టాండు ఎనక జాగ కొనమని చెప్పు ఆయనకు. నేను చెప్పిన్నని మాత్రం అనకు. అంటే కొనడు."

రేవప్ప గ్లాసు కింద పెట్టాడు. "నాకు గూడ ఏం చెప్పాల్నో తోస్తలేకుండె బిడ్డా."

జాగ కొన్నారు. రెండేండ్లలో ధర మూడింతలైంది.

తర్వాత కందులు. ఏటా పుష్యంలో కొనుడు, శ్రావణంలో అమ్ముడు. ఏటా వంటింటి గడప దగ్గర రేవప్ప అడుగుడు, ఆమె చెప్పుడు.

మొదట్లో సరదాగానే ఉండేది. ముందుగదిలో తన మాట రేవప్ప గొంతుతో వినబడుతుంటే, కొంగు అడ్డం పెట్టుకొని నవ్వుకునేది.

డాక్టరు ఊరంతా చెప్పడం మొదలుపెట్టాడు. "తెలివంటే రేవప్ప కాకది! గసొంటి బుర్ర ఖేడ్ మొత్తంల ఇంకోనికి లేదు." పన్ను పీకించుకునేవాళ్ళు నోట్లో దూదితోనే తలూపేవారు.

పొరుగింటి రుక్కమ్మ వచ్చింది.

"నీలక్కా, మా ఆయనకు గూడ ఏదన్న చెప్పుమని రేవప్ప కాకకు జెర చెప్పరాదు?"

"నువ్వే పోయి అడుగు."

"అడిగితె ఒచ్చే తెలివా అక్కా అది? పుట్టుకతోని రావాలె."

ఆ రోజు పప్పు మాడింది.

తన పేరు అనకు అన్నది తనే. ఇప్పుడు ఎవరిని అనాలి?

కొన్న జాగలో ఇల్లు కట్టి గృహప్రవేశం చేసిన రోజు డాక్టరు రేవప్పకు శాలువా కప్పాడు. శాలువా తెచ్చిన పళ్ళెం నీలాంబిక చేతుల్లో ఉంది.

"నీలా, కాక కాళ్ళు మొక్కు. ఈ ఇల్లు ఆయన పుణ్యం."

మొక్కింది.

ఆ తర్వాత వాకిట్లో రేవప్ప దగ్గు వినబడినా ఆమె కడుపు మండేది. ఆయన తాగిన గ్లాసును అన్ని గ్లాసులకన్నా గట్టిగా తోమేది.

మళ్ళీ శ్రావణం వచ్చింది. ఎక్స్‌రే మిషన్‌కని దాచినదంతా కందుల్లోనే ఉంది. ఎనభై బస్తాలు.

రేవప్ప గడప దగ్గర కూర్చున్నాడు. "అమ్ముమందునా బిడ్డా?"

పొద్దున్నే ఆమె గోదాంకు వెళ్ళి పిడికెడు కందులు వాసన చూసి వచ్చింది. చెమ్మ పట్టింది. పదిహేను రోజులు దాటితే పురుగే.

"దీపావళి దాక ఆపుమను కాకా," అంది.

"గన్ని దినాలా?"

"ఎన్నడన్న నా మాట తప్పిందా?"

దీపావళికి బస్తాలు విప్పితే అంతా పొట్టు, పురుగు. పావు ధర కూడా రాలేదు. ఎక్స్‌రే మిషన్ మాట డాక్టరు మళ్ళీ ఎత్తలేదు.

రేవప్ప తల దించుకొని వచ్చాడు.

నీలాంబిక తలుపు వెనక నిలబడింది. ఇగ చెబుతడు. తన మీదికి వచ్చినంక ఎవడన్న దాస్తడా? మీ ఇంటామెనే చెప్పింది, అప్పుడు గూడ, ఇప్పుడు గూడ అంటడు. అననీ. మా ఆయన తిడితె తిట్టనీ.

"తప్పు నాదే డాక్టర్ సాబ్," అన్నాడు రేవప్ప. "ఇంకెవ్వలది గాదు."

డాక్టరు లేచి రేవప్ప భుజం మీద చెయ్యేశాడు.

"పోనియ్యి కాకా. తెలివి గల్లోనికే తప్పులైతయి. తెలివి లేనోడు ఏం జేస్తడు, ఊకె కూసుంటడు."

నీలాంబిక తలుపు నెట్టుకొని ముందుగదిలోకి వచ్చింది.

"ఆపుమన్నది నేను," అంది. "జాగ కొనమన్నది గూడ నేనే. కందులు గూడ. అన్ని నేనే."

డాక్టరు ఆమెను చూశాడు. రేవప్పను చూశాడు. డాక్టరు కండ్లల్లో నీళ్ళు తిరిగాయి.

"చూసినవా కాకా," అన్నాడు. "నీ మీద మాట పడనిస్తలేదు మా ఇంటామె."