ఎడమ వైపు

పెళ్లాన్ని ఒక్క చూపులో ఎంచుకున్న మహానుభావుడు, ఇయర్‌ఫోన్లు ఎంచుకోవడానికి మాత్రం పొద్దుటినుంచీ దుకాణంలోనే కూర్చున్నాడు. సౌండ్ ఇంజనీరు కదా, సామాన్యంగా నచ్చవు మరి.

“ఇదీ అంతే. ఎడమ వైపు సరిగ్గా పలకడంలేదు,” అంటూ మరో ఖరీదైన జతను చెవుల్లోంచి తీశాడు.

“అన్నిటికీ ఎడమ వైపే రోగమా?” అంది, ఎడమ పక్కన కూర్చున్న భార్య.

“గొణక్కు, గట్టిగా చెప్పు! ఏడాదిగా ఇదే వరస నీకు.”

ఆవిడ అదే జతను తీసుకుని, కుడిది అతని ఎడమ చెవిలో, ఎడమది కుడి చెవిలో తనే పెట్టింది.

“ఇప్పుడు?”

“ఇప్పుడూ ఎడమే...” ఆగిపోయాడు. కూడు పెట్టేవి ఆ చెవులే. ఇయర్‌ఫోన్లు మెల్లగా తీసి, కుడి చెవి ఆవిడ వైపు తిప్పాడు.

“నువ్వు గొణగలేదే. తప్పు నాదే.”