నీళ్ళు తెచ్చిన సామాను

"వెనక గది జోలికి మాత్రం ఎవరూ వెళ్ళకండి. అది నేను చూసుకుంటాను," అంటూ పిన్ని గుమ్మానికి అడ్డంగా చేతులు చాపి నిలబడింది.

ఆ వీధిలో చిన్నాపెద్దా అందరికీ ఆవిడ తాళాల పిన్ని. ఎవరు ఎక్కడికి వెళ్ళినా ఇంటి తాళంచెవి ఆవిడ చేతిలో పెట్టి, గుండె మీద చెయ్యేసుకుని వెళ్తారు. అలాంటి మనిషి ఇల్లు వరద తీశాక మోకాలి లోతు బురదలో ఉంటే వీధి ఊరుకుంటుందా? పారలు, బక్కెట్లు, చీపుళ్ళు పట్టుకుని పొద్దున్నే వచ్చి పడ్డారు. ముందు గది అయింది, వంటగది అయింది. ఇక మిగిలింది వెనక గదే.

ఆ గదిలో మంచం కింద ఒక చెక్కపెట్టె ఉంది. దాని నిండా ఈ వచ్చినవాళ్ళ సామానే. తాళాలు చేతికి వచ్చినప్పుడల్లా ఒకటీ అరా తెచ్చి అందులో పడేసింది. ఏదీ వాడింది లేదు, అమ్మింది లేదు. ఎందుకు తెచ్చిందో ఆవిడకే తెలియదు. ఆ పెట్టె గానీ వీళ్ళ కంటపడిందా, ఈ వీధిలో తలెత్తుకు తిరగడం ఇక కల్లే.

"ఈ వయసులో నువ్వు పార పడతావా పిన్నీ? నడుం పట్టేసిందంటే నిన్ను మోయడం మాకు ఇంకో పని," అన్నాడు వడ్రంగి.

"పట్టేస్తే పట్టేసింది. నా గది, నా బురద."

"బురదకి కాపలా కాసే మనిషిని ఇప్పుడే చూస్తున్నా," అంది బేకరీ నడిపే అక్క.

అందరూ నవ్వారు. ఆ నవ్వుల మధ్యే వడ్రంగి పిన్ని భుజాలు పట్టుకుని పసిపిల్లని జరిపినట్టు పక్కకి జరిపి, లోపలికి వెళ్ళిపోయాడు.

పిన్ని వెనకాలే పరుగెత్తింది. గదిలో మంచం తిరగబడి ఉంది. పెట్టె మూత ఊడి ఒక మూల, పెట్టె బోర్లాపడి మరో మూల. అందులోని సామాను ఒక్కటీ కనబడటం లేదు. అంతా బురద కింద కూరుకుపోయింది.

వడ్రంగి పార దించాడు. ఠంగుమంది. వంగి తీసి, చొక్కాకి తుడిచి చూశాడు.

"ఇది నా ఉలి కదూ."

పిన్ని బోర్లాపడ్డ పెట్టెకి అడ్డంగా జరిగింది.

"ఎక్కడో పెట్టి మర్చిపోయాననుకున్నా. మా షెడ్డులోనే ఏ మూలో పడి ఉండుంటుంది. నీళ్ళు ఇక్కడిదాకా లాక్కొచ్చేశాయి."

"ఇనుము నీళ్ళలో తేలుతుందా?" అంది బేకరీ అక్క.

"నీ బేకరీలో ఇనప బల్ల పక్కవీధిలో దొరికింది కదా. ఉలి ఓ లెక్కా?"

"అదీ నిజమే," అని అక్క చీపురు అందుకుంది. కాసేపటికి బురదలోంచి ఆమెదే కేకు అచ్చు ఒకటి బయటపడింది. "నీళ్ళకి కూడా పిన్ని మీదే నమ్మకంరా. వీధిలో సామానంతా తెచ్చి ఈవిడకే అప్పజెప్పి పోయాయి," అంటూ విరగబడి నవ్వింది.

పిన్నికి పోయిన ప్రాణం తిరిగొచ్చింది. కొంగు బిగించి తనే రంగంలోకి దిగింది. బక్కెట్టు ముందు పెట్టుకుని దొరికినవన్నీ కడగడం, ఎవరివి వాళ్ళకి అందించడం. టైలరు కత్తెర టైలరుకిచ్చి, తుప్పు పట్టకముందే నూనె రాయమని చెప్పింది. ఎవరిదని ఒక్కరినీ అడగలేదు. ఎవరింట్లో ఏముందో పిన్నికి తెలియనిదా అనుకున్నారు అందరూ. ఒక్కొక్క వస్తువూ చేయి దాటుతుంటే నెత్తి మీది బరువు దిగిపోతున్నట్టుంది. ఈ వరదేదో ముందే వచ్చి ఉంటే పోయేది కదా అని కూడా అనిపించింది. ఛ, అవేం మాటలని లోలోపలే లెంపలేసుకుంది.

ఆఖరికి బక్కెట్టు అడుగున చిన్న చేతి అద్దం ఒకటి మిగిలింది. రాత్రి డ్యూటీలకి వెళ్తూ తాళం పిన్నికే ఇచ్చే నర్సుపిల్ల, అంతవరకూ వీధిలో బురద ఎత్తిపోసి, చేతులు కడుక్కోవడానికి అప్పుడే లోపలికి వచ్చింది.

"ఇదిగో తల్లీ, నీ అద్దం. పాపం, మీ ఇంట్లోంచి ఇంత దూరం కొట్టుకొచ్చింది. పగల్లేదు, నీ అదృష్టం," అంటూ పిన్ని దాన్ని కొంగుతో తుడిచి మరీ చేతిలో పెట్టింది.

నర్సు అద్దాన్ని అటూ ఇటూ తిప్పి చూసింది. తర్వాత పిన్ని ముఖంలోకి చూసింది.

"మాది మూడో అంతస్తు కదా పిన్నీ."